దారిలో మంచు

తౌనో కళ్ళు తెరిచేసరికి నాలుగూ నలభై. దిగ్గున లేచాడు.

హిల్కా రాత్రి మూడింటిదాకా దగ్గుతూనే ఉంది. పెళ్ళాం వీపు రాస్తూ కూర్చున్నవాడు ఎప్పుడు ఒరిగిపోయాడో తెలియదు. అలారం మోగి మోగి ఊరుకుంది.

కిటికీ తెర తీశాడు. బయట సైకిలు సీటు మీద జానెడు మంచు.

"కాఫీ అయినా తాగి వెళ్ళు," అంది హిల్కా మంచం మీంచి.

"కాఫీనా? ఐదింటికి గేటు దగ్గర లేకపోతే ఈరోజుతో సరి నా పని!"

మేస్త్రీ ఇల్మరి మొన్ననే చెప్పాడు. "రెండుసార్లయింది తౌనో. మూడోసారి ఆలస్యమైతే తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి పో." ఇల్మరి ఒకసారి అన్నాడంటే అన్నట్టే.

పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. అరవై రెండేళ్ళవాడికి కొత్తగా పని ఎవడిస్తాడు?

సైకిలెక్కాడు. ఉత్తర ఫిన్లాండ్‌లో ఆ ఊరివాళ్ళకి చలికాలమైనా సైకిలే. చక్రాలకి ఇనప మేకులున్నాయి. కానీ మేకులు గట్టి మంచు మీదే పట్టుకుంటాయి. ఈ మెత్తటి మంచులో ఏం చేస్తాయి? ముందు చక్రం కూరుకుపోయింది. దిగి తోశాడు. ఎక్కాడు. మళ్ళీ కూరుకుపోయింది.

చర్చి మలుపులో పడ్డాడు. మోకాలు కొట్టుకుంది. చేతితొడుగు ఒకటి మంచులో పోయింది. వెతకలేదు.

తలెత్తితే చర్చి గడియారంలో ఐదయింది. ఇంకా వంతెన కూడా రాలేదు. అయినా తోశాడు. కొద్ది నిమిషాలే అయితే ఇల్మరి చూసీచూడనట్టు ఊరుకోవచ్చు.

వంతెన దగ్గర ఎవరో నర్సు. సైకిలు ముందుకి కదలక నిలబడిపోయింది. కనుబొమల నిండా మంచు.

"చూశారా బాబాయ్ ఈ అన్యాయం!" అని అరిచింది. "మంచు తీసే బండివాడు ముసుగుతన్ని పడుకున్నట్టున్నాడు, పెళ్ళాం పక్కన వెచ్చగా!"

తౌనో సైకిలు మీదికి ఒరిగి ఆగాడు. ఊపిరి అందడం లేదు.

"ఆరింటికి నా డ్యూటీ. రాత్రంతా వార్డులో నిలబడ్డ పిల్ల నా కోసం గుమ్మం వంక చూస్తుంటుంది. వీడికేం, పడుకున్నా జీతం వస్తుంది."

పళ్ళతో చేతితొడుగు లాగి ఫోను తీసింది. వేళ్ళు కొంకర్లుపోయి నంబరు పడడం లేదు.

"వాళ్ళ ఆఫీసుకి ఇప్పుడే చెబుతా. మీరూ చెప్పండి బాబాయ్. పదిమంది చెబితే గానీ వాడి ఉద్యోగం ఊడదు."

"చెబుతాలేమ్మా," అన్నాడు తౌనో.

సైకిలు భుజానికెత్తుకున్నాడు. మోకాలిలోతు మంచులో, కుంటుకుంటూ, వంతెన దాటాడు.

గేటు చేరేసరికి ఐదూ ఇరవై ఐదు. ఇల్మరి గుమ్మంలోనే ఉన్నాడు, గోడ గడియారం కింద. లోపల పొయ్యి పక్కన ఇద్దరు కాఫీ తాగుతున్నారు.

"ఎందుకాలస్యం?"

హిల్కా దగ్గు గురించి చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాడు తౌనో. చలికాలం ఆలస్యమైన ప్రతివాడూ ఆ ఊళ్ళో చెప్పే మాట ఒకటుంది. ఏ మేస్త్రీ దాన్ని కాదనడు. తీరా అదే బయటికొచ్చింది.

"దారిలో మంచు తీయలేదు."

కాఫీ తాగుతున్న ఒకడికి పొలమారింది. రెండోవాడు పక్కున నవ్వాడు. ఇల్మరి నవ్వలేదు.

బల్ల మీద ఫోను మోగింది. ఇల్మరి ఎత్తాడు. అవతల ఆడగొంతు గట్టిగా కేకలేస్తోంది. ఆ గొంతు తౌనో గుర్తుపట్టాడు.

"అవునమ్మా... నిజమేనమ్మా..." ఇల్మరి చాలాసేపు విన్నాడు. తర్వాత తౌనో వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"మంచు తీసే బండివాడు ఆ దారినే సైకిలు తోసుకుంటూ ఇప్పుడే వచ్చాడమ్మా, ఈ ఒక్కపూటా మీ దారి తీసేసి, బండి తాళంచెవి బల్ల మీద పెట్టేస్తాడు."