ఎనిమిదో ఇంటి మార్కులు

“అక్కా, తొందరగా చెప్పండి. ఒకటో డబ్బానా, రెండో డబ్బానా?”

గుమ్మంలో చెప్పులు విడవకుండానే అడిగింది తన్మయి. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద అరగంట ఇరుక్కున్న చిరాకంతా ఆమె మొహంలోనే ఉంది. చిక్కడపల్లిలోని ఆ రెండు గదుల ఇంట్లో పద్మ మాత్రం తాపీగా గిన్నెలు తోముతోంది.

“జర ఊపిరి తీసుకో తల్లీ. కోడి యాడికి పోతది, ఉడికిపాయె గద.”

తన్మయికి నవ్వు రాలేదు. కోళ్ల పరిశోధన కేంద్రంలో నాలుగేళ్లుగా ఆమెది ఒకటే పని. కొవ్వు తగ్గాలి, రుచి తగ్గకూడదు. అలాంటి కోళ్లను తరం తర్వాత తరం ఏరి పెంచడం. ఇప్పుడు రెండు వంశాలు మిగిలాయి. కాలికి ఎర్ర రింగువి బరువైనవి. నీలం రింగువి సన్నం. వచ్చే తరానికి తండ్రులయ్యే పుంజులు ఏ వంశంలోవో ఈ సాయంత్రానికి తేలాలి. నెగ్గని వంశం మొత్తం మాంసం దుకాణానికి వెళ్లిపోతుంది.

“మా సార్ ఎర్ర రింగే ఉంచమంటున్నారు. కొవ్వు లేని కోడికి రుచెక్కడిదని.”

“సార్ ఇంట్లకు గూడ డబ్బాలు పంపినవ్ గద, ఏమన్నరు?”

“రెండింటికీ పదికి పది వేశారు.”

“మర్యాదస్తులు,” అంది పద్మ.

అశోక్‌నగర్ నుంచి రాంనగర్ దాకా ఎనిమిది ఇళ్లకు డబ్బాల్లో మాంసం పంపి, వండించి, మార్కులు వేయించేది తన్మయి. ఏ డబ్బాలో ఏ కోడో ఎవరికీ చెప్పదు. ఏడిళ్లవి మొహమాటం మార్కులు. ఎనిమిదో ఇల్లు పద్మది. మూడు కోడి తరాలుగా ఆమె మార్కులు ల్యాబు లెక్కతో పొల్లు పోకుండా సరిపోతున్నాయి. ల్యాబుకు వారం పట్టేది, ఆమెకు ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు.

“రెండూ బాగున్నయ్!” లోపల్నుంచి కేకేశాడు పద్మ భర్త ఉమాకాంత్.

“ఆయన ముచ్చట విడువు. ఉత్త నీళ్లు కాచి పోసినా బాగుందనే అంటడు. గందుకే ఆయన నోటి మాట నేను కాగితం మీద రాయ.”

పద్మ చెయ్యి తుడుచుకుని, పసుపు మరకల కాగితం తీసింది.

“ఒకటో డబ్బా. కొవ్వుకు ఎనిమిది. మూడుసార్లు తోమిన, గిన్నెకు ఇంకా జిడ్డే. రుచికి ఐదు. పళ్లెంల సగం ముక్కలు మిగిలిపాయె. రెండోది కొవ్వుకు రెండే. ఒక్క తోముడుకు గిన్నె అద్దం లెక్కయింది. రుచికి తొమ్మిది. బొక్కలు గూడ నమిలితే పిండి పిండయినయ్.”

తన్మయి గోడకు ఆనుకుంది. రెండోది నీలం రింగు.

“మొహమాటానికి కాదుగా అక్కా?”

“మొహమాటమైతే పది వేస్తుంటి.”

తన్మయి అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేసింది. మార్కులు చదివి వినిపించింది.

“ఎనిమిదో ఇంటావిడేనా చెప్పింది?”

“ఆవిడే సార్. మూడు తరాల మార్కులు మీరే చూశారు.”

“సరే. నీలం రింగు పుంజులే ఉంచండి. ఆవిడ నాలుకకు ఇన్సూరెన్స్ చేయించండమ్మా, అది పోతే మన కేంద్రం మూతపడుతుంది.”

ఫోన్ పెట్టేసేసరికి తన్మయి కళ్లు నిండాయి. పద్మ మూతపెట్టిన చిన్న గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది.

“రెండో డబ్బాల నుంచి నీకని ఒక ముక్క దాచిన. తిను.”

“ముందు మీరు తినాలి. నాలుగేళ్ల కష్టాన్ని నిలబెట్టింది మీరు!”

తన్మయి ముక్కను పద్మ నోటి దాకా తీసుకెళ్లింది. పద్మ చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

“అయ్యో, నేను పుట్టినకాడి నుంచి కోడికూర తినలే తల్లీ!”