వంకర గీత

అద్దం వంకరగా తెగింది.

ఆ కొట్లో అలా తెగడం ఎవరూ ఎరగరు. అద్దాలు కోసే ఆయన ఎంత తాగినా గీత మాత్రం తప్పేవాడు కాదు. వజ్రపు ములికితో ఒక్కసారి గీస్తాడు, అడుగు నుంచి వేలితో చిన్నగా తడతాడు, అద్దం బుద్ధిగా రెండు ముక్కలై చేతిలోకొస్తుంది. బజారంతా ఆయన్ని ‘గీతాచార్య’ అని పిలిచేది అందుకే. ఇవాళ ములికి సగం దూరం వెళ్ళి పక్కకి జారింది. తర్వాత చేతిలోంచి కూడా జారి కింద పడింది.

కిటికీ అద్దం కోసం వచ్చినావిడ ఆయన మొహంలోకి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. “రేపొస్తాలెండి” అంటూ మెట్లు దిగిపోయింది.

చప్పుడు విని లోపలి గదిలోంచి భార్య పరుగున వచ్చింది.

“ఇంకా పొద్దు కూడా వాలలేదు. అప్పుడే మొదలెట్టారా?”

ఆయన నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా కుదరలేదు. ఏదో చెప్పబోయాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

“చాల్లెండి, సంబడం! లోపలికి పదండి, నలుగురూ చూస్తున్నారు.”

రెక్క పుచ్చుకుని లాక్కెళ్ళింది. గుమ్మం దగ్గర ఆయన చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టే లేదు. ఆ వాసన పడక ఆమె మొగుడి పక్కకి వెళ్ళడం మానేసి ఏళ్ళయింది. ఇప్పుడూ మొహం అటు తిప్పుకుని, ఊపిరి బిగబట్టుకునే మంచం దాకా మోసింది.

ఆమెకి ఏడుపొచ్చింది. ఏ క్షణాన ఏం ముంచుకొస్తుందో అని ఈమధ్య ఆమెకి కంటిమీద కునుకు లేదు. మొన్నామధ్య జ్వరమని తీసుకెళ్తే డాక్టరు జ్వరం సంగతి వదిలేసి తాగుడు సంగతి పట్టుకున్నాడు.

“ఇన్నేళ్ళుగా రోజూ తాగిన ఒళ్ళమ్మా ఇది. బీపీ ఎక్కడుందో చూశారా? ఇలాంటివాళ్ళకే పక్షవాతం భయం ఎక్కువ. వచ్చిందంటే ఆ గీతలు గీసే చెయ్యి పోవచ్చు, మాట పోవచ్చు, మనిషే పోవచ్చు. ఇవాళ మానేసినా ముప్పు రేపటికల్లా పోదు, మెల్లగా తగ్గుతూ వస్తుంది. అందుకే ఇంక ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకండి.”

తిరిగొచ్చే దారిలో ఆయన గొంతు తగ్గించి, “ఈసారి మానేస్తానే” అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. “ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకండి. మీరు మానేసినన్ని సార్లు ఈ ఊళ్ళో ఎవరూ తాగి కూడా ఉండరు. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిన సాయంత్రమే వీధిలో పడి దొరికారు. ఇంకోసారి మానేస్తానన్నారంటే నేనే ఇల్లొదిలి పోతాను.”

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తకపోగా, అప్పట్నుంచి మరీ శ్రుతి మించిపోయాడు. పొద్దున్నే చేతులు వణుకు. ఫ్యాను కింద కూడా చెమటలు. పలకరిస్తే కరిచేలా చూడటం. సాయంత్రం కాగానే ఎప్పట్లాగే సీసా, గ్లాసు. ఇదివరకు కాసిని నీళ్ళు కలుపుకునేవాడు, ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది.

ఇప్పుడు మంచం మీద ఆయన ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. ఆమె వ్యాను నడుపుకునే తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఓసారి బండి తీసుకురా. మీ బావని ఆస్పత్రిలో చూపిద్దాం. ఇవాళ మనిషి అదోలా ఉన్నాడు.”

“అదోలా లేనిదెప్పుడక్కా? పోయినసారి ఇలాగే కంగారుపడి తీసుకెళ్తే, తాగినవాణ్ణి తెచ్చి మా ప్రాణం తీస్తారేంటని నన్ను నానా తిట్లూ తిట్టారు. పడుకోనీ. పొద్దున్నకి దిగిపోతుంది.”

అదీ నిజమే అనిపించింది. పోయినసారి అలాగే దిగిపోయింది.

దుప్పటి కప్పి వెళ్ళబోతుంటే ఆయన ఎడంచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వదలడే! తర్వాత అదే చెయ్యి కష్టంగా ఎత్తి మూలనున్న బల్లకేసి చూపించాడు. బల్ల మీద సగమైన సీసా ఉంది. ఆమె వంక చూశాడు, సీసా వంక చూశాడు, మళ్ళీ చూపించాడు. నోటి చివర సొంగ కారుతోంది.

“ఇంకా కావాలా?” అంది ఆమె. “ఈ స్థితిలో కూడా అదే కావాలా?”

ఆయన తల అడ్డంగా ఊపాడో, తలే అలా ఊగిందో.

పెళ్ళైనప్పట్నుంచీ ‘మీరు’ అని తప్ప పిలవని మనిషి, అప్పుడు గట్టిగా అరిచింది.

“నువ్వు రోజూ కొంచెం కొంచెంగా చస్తుంటే నేను పక్కన కూర్చుని చూస్తుండాలా? డాక్టరుతో చెప్పించా, కాళ్ళు పట్టుకున్నా, తిట్టా, ఏడ్చా. ఇంక నా వల్ల కాదు. నేనూ తాగుతా. ఇద్దరం కలిసే పోదాం!”

విసురుగా వెళ్ళి సీసా అందుకుంది. మూత తీసింది. జన్మలో చుక్క ముట్టింది లేదు. మంచం మీంచి ఆయన ఏదో మూలిగాడు. ఆ కళ్ళనిండా నీళ్ళు. ఆమె అటు చూడదల్చుకోలేదు.

కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు భగ్గుమంటుందని పళ్ళు బిగించి, తర్వాత తెగించి, సీసా ఎత్తి గటగటా నాలుగు గుక్కలు మింగింది.

అది చక్కెర కూడా వెయ్యని, చల్లారిపోయిన టీ డికాషన్.