కుర్చీ కాళ్ళు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు దాన్ని మగాళ్ళ క్లబ్బు అన్నావు. మనవైపు క్లబ్బంటే పేకాట. మీ తాతగారూ, మరో నలుగురు రిటైరైనవాళ్ళూ కలిసి మన పాత కొబ్బరి షెడ్డులో పెట్టుకున్నది మరమ్మతుల పాక. ఊళ్ళో విరిగినవి తెస్తే ఊరికే బాగుచేస్తారు, టీ తాగుతూ కబుర్లాడుకుంటారు.

తన తమ్ముడు పోయాక ఐదు నెలలు మంచం దిగని మీ తాతగారు ఆ పాక కోసం గడ్డం గీసుకున్నారు. తీరా తెరిచి పది రోజులైనా ఒక్కరూ ఒక్క వస్తువూ తేలేదు.

శనివారం నేను టీ పట్టుకెళ్ళేసరికి సూరిబాబుగారు సుత్తులు సంచిలో సర్దుతున్నారు.

"ఎవరూ రారండీ మాస్టారూ. తాళం వేసేద్దామండీ."

"ఆయ్, అలాగే కానివ్వండి," అని మీ తాతగారు లేచారు. ఆ గొంతు నాకు తెలుసు. ఈసారి మంచమెక్కితే మళ్ళీ దిగరు.

ఆయన తాళం అందుకున్నారో లేదో, పాస్టరమ్మగారు కాలు విరిగిన కుర్చీతో గుమ్మంలోకి వచ్చారు. వెనకే మా స్త్రీల సమాజం మొత్తం, తలా ఒక కుర్చీయో పీటో మోసుకుంటూ.

"ఇన్ని కాళ్ళు ఒక్కసారే ఎలా విరిగేయండీ?" అనడిగారు మీ తాతగారు.

"చెదలండీ," అన్నారు పాస్టరమ్మగారు. ఆవిడే చెప్పాక ఇక నమ్మకేం చేస్తారు? తాళం పక్కన పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఆదివారం వచ్చేటప్పుడు అమలాపురంలో చిన్న రంపం ఒకటి కొనుక్కురా. సమాజంలో పన్నెండిళ్ళకీ ఒక్కటే తిరుగుతోంది, దానికీ పదును పోయింది. తాతగారి కంటపడకుండా నా బైబిలు సంచిలో పెట్టు.