పెరటి మోరీలో గొంతు

అరవై ఏళ్లుగా కథలు చెబుతున్నాను. ఒక్కదాంట్లోనూ ఆవగింజంత అబద్ధం కలిపిన పాపాన పోలేదు. ఇదీ అంతే, కళ్లు మూసుకుని నమ్మవచ్చు.

మిట్టమధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు, చేతిలో తడి చీర అక్కడే పడేసి ఇంట్లోకి వచ్చేసింది. గోడవార వాడిన నీళ్లు పోయే మోరీ మీద ఆమె అంతకుముందే తన చేత్తో ఇటుక పెట్టి మూసింది. ఆ ఇటుక కిందనుంచే మళ్లీ వినబడింది.

"నీళ్లు పోశావటే?"

అత్తగారి గొంతు. ఆవిడ పోయి రెండు నెలలు.

మొగుడు మొదట్లో నవ్వాడు. మా అమ్మ బతికుండగానే నీతో మాట్లాడేది కాదు, పోయాక మాట్లాడుతుందా అన్నాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదు. అయిదో నెల కడుపుతో ఉన్న పెళ్లాం పెట్టె సర్దుకుని గడప దగ్గర కూర్చుంది.

"ఆ గొంతు ఆగిందా, ఉంటాను. ఆగలేదా, సాయంత్రం బస్సుకి పుట్టింటికి పోతాను. పురుడయ్యాక కూడా బిడ్డతో ఈ గడప తొక్కను."

అతను చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మోరీని సిమెంటు పెట్టి పూడ్చేయమన్నాడు.

మేస్త్రీ ఇటుక తీశాడు. గుప్పున కంపు కొట్టింది. జాలీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఈ మోరీలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందని అడిగాడు. అత్తగారు రోజూ పోసేదనీ, ఆవిడ పోయాక భయంతో తాను ఇటుక పెట్టేసి చుక్క నీళ్లు కూడా పోయలేదనీ కోడలు చెప్పింది.

"అదీ సంగతి. ఈ గొట్టం లోపల వంపు తిరిగి ఉంటుందమ్మా. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మూత. అవి ఎండితే కంపూ పైకొస్తుంది, చప్పుడూ పైకొస్తుంది. నువ్వేమో భయపడి నీళ్లు మానేశావు. గొంతెండితే మోరీ అయినా అరుస్తుంది మరి."

మరి ఆ మాటలెవరివని అడిగింది.

పక్కింటి గొట్టమూ ఇదీ కింద ఒకే చోట కలుస్తాయనీ, ఆ ఇంటి ముసలావిడ తన కోడలిని సాధిస్తుంటే ఇక్కడ వినబడుతోందనీ చెప్పాడు. ఏ ఇంట్లో అత్తయినా గొంతు ఒకటేనన్నాడు. కోడలికి రెండు నెలల తర్వాత నవ్వొచ్చింది.

ఆకులూ చెత్తా తీసి, ఆమె చేతే చెంబెడు నీళ్లు పోయించాడు. లోపల గుడగుడమంది. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. సాయంత్రం బస్సు హారన్ కొట్టుకుంటూ వీధిలోంచి పోయింది. పెట్టె మాత్రం మంచం కిందికి చేరింది. ఆనాటినుంచి కోడలు పొద్దున్నే ఆ మోరీలో చెంబెడు నీళ్లు పోయనిదే పొయ్యి వెలిగించదు.

సరే, మీ దగ్గర దాపరికం దేనికి, చిన్న కల్పన ఒకటి చేశాను, మీకు నిద్ర పట్టాలని. మేస్త్రీ ఆ రోజు నీళ్లు పొయ్యమని చెప్పి, తాపీ అక్కడే మరిచిపోయి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. పక్కింటిని మాటలతో కట్టింది నేను. ఆ ప్రహరీ అవతల ఉన్నది ఖాళీ స్థలం.