పాత రాగి రుచి

హైటెక్ సిటీ కొత్త భవనం వెనక, గేదెల కొట్టంలోకి చలపతి అడుగుపెట్టేసరికి, పాత నాణేలమ్మే ఎల్లయ్య మూత్రపు గుంటలోంచి గోనెసంచి పైకి లాగుతున్నాడు.

"ఏమిటది ఎల్లయ్యా?"

ఎల్లయ్య ఉలిక్కిపడ్డాడు. ఇక దాచలేక నవ్వేసి, సంచిలోంచి ఒక నాణెం తీసి చూపించాడు. "ఏముంది సార్, కొత్త రాగి. నెలరోజులు బర్రె ఉచ్చల నానితే గిట్ల పచ్చగైతది. గప్పుడు మీరు శాతవాహనులదంటరు."

చలపతి గబుక్కున గోడవైపు తిరిగి ఉమ్మాడు. ఎల్లయ్య తెచ్చిన ప్రతి నాణేన్నీ నాలుక మీద పెట్టి చూశాకే కొన్నాడు తను. పాత రాగికి ఒక రుచి ఉంటుందని ఆఫీసులో పాఠాలు కూడా చెప్పాడు. ఆ విద్యకే మురిసిపోయి, కంపెనీ డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ తన గదిలో అద్దాల పెట్టె నిండా ఆ నాణేలే పేర్చుకున్నాడు. మేనేజర్ పోస్టు చలపతికే అన్నాడు.

గోడ పట్టుకుని ఉమ్ముతూనే ఉన్నాడు చలపతి. బయట కారు తలుపు చప్పుడైంది; కొత్త నాణేలు తనూ చూస్తానని వెనకే బయల్దేరిన డైరెక్టరే.

"మీ పెద్దసారుకు చెప్తరా?" అంటూ ఎల్లయ్య సంచిని గుంటలోకి జారవిడిచి, చేతిలో మిగిలిన నాణేన్ని పంచెకు తుడిచాడు.

ఉదయ్ భాస్కర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. "ఏమయ్యా చలపతీ, ఈసారి పరీక్ష నేను చేస్తా." ఎల్లయ్య చేతిలోది లాక్కుని నాలుక మీద పెట్టుకున్నాడు. "కాస్త ఉప్పగా ఉందేమిటి?"

చలపతి నోట్లో ఊరిన నీళ్ళు మింగాడు.

"ఎంత పాతదైతే అంత ఉప్పగా ఉంటుంది సార్."

ఇందాక నవ్విన ఎల్లయ్య, చలపతి మొహంలోకి చూసి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.