అత్తమ్మకు తోడు

“జర ఆగు స్వప్నా. ఈ రైలు పోనియ్. నా గుండె దడదడ కొట్టుకుంటున్నది,” అంటూ లచ్చమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్‌లో రైలు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. స్వప్నకు ఒళ్లంతా చెమట పట్టింది. ఇంటికి పోదామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. ఇన్నాళ్లూ ఆటోలో వెళ్లారు. ఈసారి మెట్రోలో రమ్మన్నది ఆవిడే. అత్తమ్మను ఒంటరిగా ఎలా పంపాలి?

స్వప్న ఒకప్పుడు చైతన్యపురిలోని ఒక ల్యాబ్‌లో పని చేసేది. నిరుడు వానాకాలంలో కిక్కిరిసిన రైల్లో ఊపిరాడక, చచ్చిపోతున్నానని అరిచి కూలబడింది. దవాఖానలో గుండె బాగానే ఉందన్నారు, మానసిక వైద్యులకు చూపించుకోమన్నారు. “నేనేమన్న పిచ్చిదాన్నా?” అని ఆమె ఆ ఊసే ఎత్తనివ్వలేదు. ముందు రైలు మానేసింది. తర్వాత ఉద్యోగం. ఆ తర్వాత కూరగాయల బజారు కూడా. కొడుకు అభిలాష్ బడిలో పరుగుపందెం గెలిచి బహుమతి అందుకున్న రోజున కూడా గడప దాటలేదు.

కొన్నాళ్లకు లచ్చమ్మకూ అలాగే మొదలైంది. గుండెదడ, కాళ్లలో వణుకు, బయటికి వెళ్లాలంటే భయం. మొదటిసారి కొడుకు శేఖరే ఆమెను డాక్టర్ మృదుల దగ్గరికి తీసుకెళ్లాడు. వారం వారం రావాలని, వెంట ఒకరు ఉండాలని డాక్టరమ్మ చెప్పిందట. శేఖర్ విజయవాడ బస్సు నడుపుతాడు, పగటిపూట ఇంట్లో ఉండేది తక్కువ. ఇక స్వప్నే మిగిలింది. అత్తమ్మ కోసం భయపడుతూనే గడప దాటి ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ గదిలో ఆమె మూల కుర్చీలో కూర్చుని వినేది.

“ఈ భయం ఎప్పుడు పోతది డాక్టరమ్మా?” అని ఒకరోజు లచ్చమ్మ అడిగింది.

“అది పూర్తిగా పోయాకే బయటికి వెళ్తానంటే ఎప్పటికీ వెళ్లలేరండి,” అంది మృదుల. “వస్తే రానివ్వండి. దాంతో కొట్లాడకండి. ‘పడిపోతా’ అనిపిస్తే, ‘పడిపోతానని నా మనసు అంటోంది’ అనుకోండి. అనుకుని, మీకు కావలసిన వైపే నడవండి. ఇంతకీ ఈ భయం లేకపోతే మీరేం చేసేవారు?”

లచ్చమ్మ కోడలి వైపు తిరిగింది. “నాకేం తోస్తలేదు. నువ్వయితే ఏం చేస్తుంటివి బిడ్డా?”

స్వప్న తల దించుకుంది. “ల్యాబుకు పోతుంటి. పసిపిల్లలకు నరం దొరక్కపోతే అందరు నన్నే పిలుస్తుండె. పిల్ల ఏడ్సేలోపలనే రక్తం తీస్తుంటి.” ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. “మేడమ్, నాక్కూడా ఇట్లనే అయితది.”

మృదుల తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకుంది. ఆ రోజు నుంచి ఆ గదిలో అత్తాకోడళ్లిద్దరూ మాట్లాడసాగారు.

ఇప్పుడు ప్లాట్‌ఫాం మీదికి ఇంకో రైలు వచ్చింది. స్వప్న అత్తమ్మ చెయ్యి వదలకుండా లోపల అడుగు పెట్టింది. తలుపులు మూసుకున్నాయి. విక్టోరియా మెమోరియల్ దాటాక రైలు ఉన్నట్టుండి పట్టాల మీదే ఆగిపోయింది. లచ్చమ్మ కళ్లు మూసుకుని కోడలి భుజం మీద వాలింది.

“నాతోని కాదు బిడ్డా. పడిపోతనేమో.”

స్వప్న ఛాతీ బిగుసుకుపోయింది. వేళ్లు చల్లబడ్డాయి. అయినా అత్తమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

“మన మనసు అట్లనే అంటది అత్తమ్మా. అననియ్యి. నాకు సుత భయమైతున్నది. కానియ్యి. మనం దిల్‌సుఖ్‌నగర్ పోతున్నం, గంతే.”

కాసేపటికి రైలు కదిలింది. స్వప్న గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కానీ ఆమె అరవలేదు, కూలబడలేదు. స్టేషన్‌లో దిగాక అక్కడే నిలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

ఎండాకాలం వచ్చేసరికి ఆమె అభిలాష్‌ను బడికి దించి రావడం మొదలుపెట్టింది. జూన్‌లో ల్యాబ్ వాళ్లు మళ్లీ పిలిచారు. పనిలో చేరే రోజు పొద్దున చెప్పులు వేసుకుని గడప దగ్గరే ఆగిపోయింది.

“భయమైతున్నదా?” అంది లచ్చమ్మ.

“అయితున్నది అత్తమ్మా. అయినా పోతున్న.”

కర్మన్‌ఘాట్‌లోని తమ వీధి మలుపు తిరిగేదాకా స్వప్న వెనక్కి చూడలేదు. ఒక్కతే వెళ్లింది.

శేఖర్‌కు ఆ రోజు సెలవు. బండి తాళాలు తీసుకుని తల్లి దగ్గరికి వచ్చాడు.

“నడువమ్మా, పోదాం.”

“యాడికి రా?”

“డాక్టరమ్మ కాడికి. ఇయ్యాల నీ వారం గదా. స్వప్న పనికి పోయె, ఇగ నీకు తోడెవరున్నరు? నీ భయం సుత తగ్గాలె గద.”

లచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

“నాకు భయమెన్నడున్నది రా?”