పుట్టింటి నిప్పు

"చప్పుడు చెయ్యకు కెలెమెన్, తోడేళ్లు వింటాయి" అంది అగోత, ఖాళీ నిప్పుకుండను గుండెకు హత్తుకుంటూ.

"నీ కుండలో నిప్పు పడేలోపు మనమే వాటికి పెళ్లిభోజనమయ్యేలా ఉన్నాం." నవ్వబోయాడు కెలెమెన్. అడ్డొచ్చిన తెల్లబెరడు మొక్కల్ని గొడ్డలితో నరుకుతూ అడిగాడు. "ఇంకెంత దూరమే మీ ఊరు?"

"తిసా నది ఒడ్డునే. అక్కడ అడవి లేదయ్యా, అన్నీ గోధుమ చేలే. అమ్మ పొయ్యిలో నిప్పు తీసుకెళ్లకపోతే మన కాపురం ఎట్లా నిలుస్తుంది?"

దండెత్తి వచ్చిన తాతార్ల గుర్రాలు ఊరి మీద పడిన నాడు అగోత చిన్నపిల్ల. మేనమామ వెంట కొండలకు పారిపోయింది. వెనకే వస్తానన్న అమ్మ రాలేదు. ఇన్నేళ్లకు, కొత్త పెళ్లికూతురై ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

దగ్గర్లోనే తోడేలు ఊళ వేసింది. అగోత బెదిరి వెనక్కి అడుగేసి, ఏదో తగిలి కూలబడింది. చేతి కింద నాచు ఊడివచ్చింది. లోపల నిప్పుకు కాలి గట్టిపడిన మట్టి గట్టు. దాని మీద చిన్న అరచేతి అచ్చు.

"ఇది నా చెయ్యే" అంది. "పొయ్యి అలుకుతూ అమ్మే అద్దించింది."

పొయ్యి నడుమ నుంచి చెట్టొకటి ఏపుగా పెరిగి ఉంది. కెలెమెన్ గొడ్డలి ఎత్తాడు.

"వద్దు. ఒక్కరు బతికున్నా పొయ్యిలో చెట్టు మొలవనిస్తారా?"

తోడేలు మళ్లీ అరిచింది. అతను ఆమె చెయ్యి పట్టి లాగాడు. "పరుగెత్తు!"

"మెల్లగా నడువు" అంది అగోత. "ఇందాకటి నుంచీ మా ఊరివాళ్లందరి ఇళ్లల్లోంచే నడుస్తున్నాం."